కన్ను మూతపడ్డా తెలిసే గీత

హైవే మీద ఒక్కో వరుస వెడల్పు మూడున్నర మీటర్లు. బస్సుకు చట్టం ఒప్పుకునే వెడల్పు 2.6 మీటర్లు. తీసేస్తే మిగిలేది 90 సెంటీమీటర్లు. అంటే బస్సు వరుసకు నట్టనడుమ పోతున్నా అటు మూరెడు, ఇటు మూరెడు జాగా. డ్రైవరుకు ఉన్న వెసులుబాటు అంతే.

ఆ బస్సు గంటకు 80 కిలోమీటర్ల మీద పోతోందనుకుందాం. సెకనుకు 22 మీటర్లు. తెల్లవారుజామున డ్రైవరుకు మూడు సెకన్లు రెప్ప పడిందంటే బండి 66 మీటర్లు ఎవరూ నడపకుండానే పోయిందన్నమాట. ఆ కాసేపట్లో బండి ముక్కు మూడు డిగ్రీలు పక్కకు తిరిగితే చాలు, బస్సు సెకనుకు మీటరు పైచిలుకు పక్కకు జరిగిపోతుంది. మూరెడు జాగా అర సెకను కూడా ఆగదు. ఆపైన రోడ్డు మార్జిన్. అక్కడ రెండున్నర మీటర్ల తారు షోల్డర్ ఉంటే ఇంకో రెండు సెకన్లు. అదీ అయిపోతే చెట్టో, కల్వర్టు గోడో, ఆగి ఉన్న లారీయో.

ఆ రెండు సెకన్లలో డ్రైవరును ఎవరు లేపాలి? క్లీనరు ఉన్నా ఆ వేళకు అతనూ నిద్రలోనే ఉంటాడు. కొన్ని జిల్లాల్లో పోలీసులు రాత్రిళ్లు లారీలను, కార్లను ఆపి నీళ్లిచ్చి ముఖం కడుక్కోమంటున్నారు. మంచిదే, కానీ కునుకు పోలీసులు నిలబడ్డ చోటే రాదు కదా. దారి పొడవునా డ్రైవరు వెంట ఉండేది రోడ్డు ఒక్కటే. దాని ఉపరితలాన్నే కాస్త గరుకుగానో, గాట్లుగానో మార్చి, టైరు ద్వారా, స్టీరింగు ద్వారా మనిషిని హెచ్చరించే పద్ధతులు చాలాకాలంగా ఉన్నాయి. వాటిలో ఏది ఎందుకు పనిచేస్తుందో, మన రోడ్ల మీద ఏది కుదురుతుందో, ఏది తిరగబడుతుందో చూద్దాం.

ముందు గీత సంగతి. ఇప్పుడు మన హైవేల మీద వేసేది మామూలు పెయింటు కాదు, థర్మోప్లాస్టిక్. బాగా కాచి, ద్రవంలా చేసి, రెండున్నర మిల్లీమీటర్ల మందాన పరుస్తారు. అది గట్టిపడేలోపే పైన సన్నటి గాజు పూసలు చల్లుతారు. రాత్రి మన హెడ్‌లైటు కాంతి ఆ పూసల్లో దూరి, వెనక్కి తిరిగి మన కంటి వైపే వస్తుంది. గీత మెరిసేది అందుకే. వాన పడితే పూసల మీద నీటి పొర కట్టి కాంతి చెదిరిపోతుంది. గీత సరిగ్గా అవసరమైన రాత్రే కనపడదు.

గీతకు నూరేళ్లు దాటాయి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం వేన్ కౌంటీలో రోడ్ల వ్యవహారాలు చూసిన ఎడ్వర్డ్ హైన్స్ 1911లో గీయించినదాన్ని తొలి మధ్య గీతల్లో ఒకటిగా చెబుతారు. అంచు గీత ఇంకా ఆలస్యంగా వచ్చింది. 1950ల్లో జాన్ డార్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పట్టుబట్టి కనెక్టికట్‌లోని మెరిట్ పార్క్‌వే మీద వేయించి చూపించాడు. ఎదుటి బండి లైట్లు కళ్లలో కొడుతుంటే డ్రైవర్లు మధ్య గీతనే నమ్ముకుని దాని దగ్గరికి జరిగిపోతున్నారని, అంచున ఇంకో గీత ఉంటే చూపు అటు తిప్పుకుని పోతారని ఆయన వాదన. ఒకప్పుడు మన సింగిల్ రోడ్డు మీద ఎదురుగా లారీ లైట్లు ఎత్తుకుని వస్తుంటే బండి నడిపినవాళ్లకు ఈ వాదన ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

వాన సమస్యకు ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతం హాలిఫాక్స్‌కు చెందిన పెర్సీ షా 1934లో పేటెంటు తీసుకున్న క్యాట్ ఐ ఒక జవాబు. ఇనుప గూడులో రబ్బరు దిమ్మె, దానిలో గాజు కళ్లు. టైరు ఎక్కగానే రబ్బరు కిందికి నొక్కుకుపోయి గాజును తుడిచేస్తుంది. గూట్లో నిలిచిన వాన నీరే కడిగే నీరు. తనను తాను శుభ్రం చేసుకునే వస్తువును రోడ్డులో పాతిపెట్టిన ఆ తెలివిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు దాడుల భయానికి దీపాలార్పేసిన బ్రిటన్‌లో అవి బాగా వ్యాపించాయి. మన రోడ్ల మీద క్యాట్ ఐస్ అంటున్నవి చాలావరకు ఆ జాతివి కావు. ప్లాస్టిక్ పెంకులో అద్దాలు బిగించినవి. మట్టి పట్టితే తుడిచే దిక్కుండదు.

కాలిఫోర్నియాలో ఎల్బర్ట్ బాట్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రహదారుల శాఖలో పనిచేస్తూ 1950ల్లో ఇదే వాన సమస్య మీద కూర్చున్నాడు. గుండ్రటి తెల్ల బొడిపెలు తయారుచేయించాడు. మొదట్లో మేకులు కొట్టి నిలబెట్టారు. బొడిపె ఊడిపోయి మేకు మిగిలితే టైరు గతి ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. తరవాత ఎపాక్సీ జిగురు దొరికింది. మంచు పడని చోట్ల వీటిని వాడాలని 1966లో ఆ రాష్ట్రం ఆదేశించింది. ఆయన వెతికింది కంటికి కనపడే గీత కోసం. దొరికింది టైరు ఎక్కగానే టకటకమని చేతికి తెలిసే గీత. వరుస మారేటప్పుడు వచ్చే ఆ చప్పుడే డ్రైవర్లకు గుర్తుండిపోయింది.

అసలు కీలకం ఇక్కడే ఉంది. గీత ఎంత తెల్లగా ఉన్నా, ఎంత మెరిసినా అది కంటితో మాట్లాడుతుంది. నిద్రపోతున్నవాడి కన్ను మూసి ఉంటుంది. ఫోను చూస్తున్నవాడి కన్ను ఇంకో చోట ఉంటుంది. ఇద్దరికీ చెవులు తెరిచే ఉంటాయి, చేతులు స్టీరింగు మీదే ఉంటాయి, ఒళ్లు సీటుకు ఆనే ఉంటుంది.

దీన్ని సూటిగా పట్టుకున్న పద్ధతి షోల్డర్ మీద పొడవునా గాట్లు కోయడం. న్యూజెర్సీలోని గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద 1950ల్లోనే అంచును కాంక్రీటుతో ముడతలుగా పోశారు. పాడే షోల్డర్లు అని పేరు పెట్టుకున్నారు. చాలా రాష్ట్రాలు తరవాత వేడి తారు మీద ముడతల రోలరు తిప్పి సన్నటి గాళ్లు వేశాయి. అవి పెద్దగా పనిచేయలేదు. ఎందుకో చూస్తే ముచ్చటేస్తుంది, ఇందులో ఉన్నది హైస్కూలు జ్యామితి మాత్రమే.

కారు టైరు వ్యాసార్ధం సుమారు 30 సెంటీమీటర్లు. అంత గుండ్రటి వస్తువు నాలుగైదు సెంటీమీటర్ల సన్న గాడి మీదుగా పోతే ఒక మిల్లీమీటరు అటూఇటూ మాత్రమే కిందికి దిగుతుంది. గాడి ఎంత లోతున్నా లాభం లేదు, టైరు దాని అంచుల మీదే ఆగి దాటేస్తుంది. అదే బండి పోయే దిశలో 18 సెంటీమీటర్ల వెడల్పున గాటు కోస్తే టైరు దాదాపు 13 మిల్లీమీటర్లు దిగగలదు. ఇప్పుడు అమెరికాలో మామూలుగా కోసే గాటు కొలతలు ఇంచుమించు ఇవే: దిశలో 18 సెంటీమీటర్లు, అడ్డం 40 సెంటీమీటర్లు, లోతు 13 మిల్లీమీటర్లు, ఒక గాటు నుంచి ఇంకో గాటుకు 30 సెంటీమీటర్లు. ఆరిన తారు మీద పళ్ల చక్రంతో కోస్తారు. ఆ చక్రం వ్యాసం రెండడుగులు ఉంటుంది కనుక గాటు అడుగు కూడా ఆ గుండ్రంలోనే వస్తుంది, టైరు అందులో ఒదిగి కూర్చుంటుంది.

గంటకు 80 కిలోమీటర్ల మీద పోయే బండి 30 సెంటీమీటర్లకొక గాటు చొప్పున సెకనుకు 74 గాట్లు దాటుతుంది. వంద మీదుంటే 92. అది చెవికి మగవాడి బొంగురు గొంతంత మంద్రంగా వినపడే గర్రుమనే మోత. కీచుమని ఉంటే పాటల హోరులో కలిసిపోయేదేమో. ఇది సీటులోంచి నడుముకు, స్టీరింగులోంచి అరచేతులకు ఎక్కుతుంది. కారు లోపల మామూలు చప్పుడు కన్నా ఆరు నుంచి పన్నెండు డెసిబెల్స్ పెరిగితే చాలని ఇంజినీర్ల అంచనా.

లారీ టైరు పెద్దది. అర మీటరు వ్యాసార్ధం వేసుకుంటే అదే గాటులో దిగేది ఎనిమిది మిల్లీమీటర్లే. పైగా ఇంజను మోత ఎక్కువ. లేపాల్సిన అవసరం ఎక్కువ ఉన్నవాడికే హెచ్చరిక తక్కువ అందుతుంది. ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన లోపం ఇది.

గాట్లు కోసే పద్ధతిని పెన్సిల్వేనియా టర్న్‌పైక్ వాళ్లు 1980ల చివర్లో పరీక్షించి స్నాప్ అని పేరు పెట్టారు. రోడ్డు దిగిపోయే ప్రమాదాలు 70 శాతం దాకా తగ్గాయని 1990ల్లో ప్రకటించారు. ఇలాంటి తొలి అంకెలను నేను కాస్త తగ్గించుకునే చదువుతాను. ఏ శాఖ అయినా ముందుగా మరీ ప్రమాదాలు జరిగే చోటే మొదలుపెడుతుంది. మరీ చెడ్డ ఏడాది తరవాత వచ్చే ఏడాది ఏమీ చేయకపోయినా కాస్త మెరుగ్గానే ఉంటుంది. ఆ ఘనత కూడా కొత్త పద్ధతి ఖాతాలో పడిపోతుంది. ఈ లెక్కలన్నీ సరిచూసుకుని 2009లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం, పల్లె ప్రాంతాల రెండు వరుసల రోడ్ల మీద షోల్డర్ గాట్లతో ఒంటరి బండి రోడ్డు దిగి మనుషులు చనిపోవడం, గాయపడడం 29 శాతం తగ్గిందని తేల్చింది. మధ్య గీత మీద గాట్లు కోస్తే ఎదురెదురుగా ఢీకొని, ఒరుసుకుని జరిగే అలాంటి ప్రమాదాలు 44 శాతం తగ్గాయి. 70 కన్నా ఈ 29, 44 మీద నాకు గురి ఎక్కువ. ఓ యంత్రంతో తారును గీకినందుకు ఇంత ఫలితం రావడం మాటలా?

అయితే రోడ్డు లేపుతుంది, అంతే. నిద్ర తీర్చదు. స్వీడన్‌లో రాత్రి డ్యూటీ చేసివచ్చినవాళ్లను సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి చూశారు. గాట్లు తగలగానే ఉలిక్కిపడి బండిని సరిచేసుకున్నారు. ఐదు నిమిషాలు తిరక్కుండానే మళ్లీ నిద్ర లక్షణాలు మొదలయ్యాయి. కాబట్టి ఆ గర్రుమనే మోత విన్న డ్రైవరు చేయాల్సింది ఏసీ పెంచడమో, పాట మార్చడమో కాదు. దాబా దగ్గరో, పెట్రోలు బంకులోనో ఆపి ఓ ఇరవై నిమిషాలు పడుకోవడం.

ఇంకో చిక్కు మధ్య గీత దగ్గర. అమెరికాలో డ్రైవర్లకు గాట్లు అంటే షోల్డర్ మీదే అలవాటు. మసాచుసెట్స్‌లో సిమ్యులేటర్ మీద మధ్య గీత గాట్లు పరీక్షించినప్పుడు కొందరు అలవాటు కొద్దీ మొదట తప్పు వైపు, అంటే ఎదుటి వరుస వైపే స్టీరింగు తిప్పారు. వెంటనే తేరుకున్నా, కాస్త సమయం పోయినట్టే. ఏ వైపు మోతో తెలుసుకోవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

చప్పుడు సంగతీ ఉంది. రోడ్డు పక్క ఇళ్లవాళ్లకు ఆ మోత రాత్రంతా నరకం. దీనికి గాటును నిలువుగా కోసినట్టు కాకుండా నీటి అలలా మెత్తగా ఎక్కిదిగేలా చెక్కే పద్ధతి వచ్చింది. టైరు అంచులకు కొట్టుకోదు కనుక బయటికి చప్పుడు తక్కువ, లోపల అదురు మాత్రం తెలుస్తుంది.

ఇక మన రోడ్లు. ఇక్కడ రంబుల్ స్ట్రిప్స్ అనగానే ఊరు, స్కూలు, జంక్షన్ వచ్చేముందు రోడ్డుకు అడ్డంగా వేసే దళసరి పట్టీలే గుర్తొస్తాయి. అవి వేగం తగ్గించడానికి. వరుసలో నిలబెట్టడానికి పొడవునా కోసే గాట్లు మన దగ్గర చాలా అరుదు. ఏదైనా జంక్షన్ ముందు ఓ పది నిమిషాలు నిలబడి ఆ అడ్డ పట్టీలను చూడండి. పట్టీ చివరకూ తారు అంచుకూ మధ్య జానెడు జాగా వదిలేస్తారు. బైకులన్నీ నడుము నొప్పి పడలేక ఆ జానెడు సందులోకి, అది లేకపోతే మార్జిన్ మట్టిలోకి దిగిపోతాయి. వెనక పాలక్యానులు కట్టుకున్న బండి, ముందు బిడ్డను నిలబెట్టుకున్న బండి, అన్నీ ఆ దారే. వరుసలో ఉంచాల్సిన రోడ్డు వాళ్లను వరుస తప్పిస్తోంది.

అమెరికా కొలతలను ఎత్తుకొచ్చి మన షోల్డర్ మీద పరిచేస్తే జరిగేది ఇదే, కిలోమీటర్ల పొడవునా. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. అందులో 44 శాతం పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. మన హైవేల మీద షోల్డర్ ఖాళీ స్థలం కాదు. బైకులు పోయేది అక్కడ, ఆటో మనుషుల్ని ఎక్కించుకునేది అక్కడ, లారీ పంక్చరు వేసుకునేది అక్కడ, కోతల కాలంలో వడ్లు, మొక్కజొన్నలు ఆరబోసేది అక్కడ. 40 సెంటీమీటర్ల గాట్ల వరుస మీద వర్షంలో బైకు పోతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అమెరికాలోనూ సైకిళ్ల వాళ్లు గోల చేస్తేనే ప్రతి 40, 60 అడుగుల్లో ఓ 12 అడుగులు గాట్లు లేకుండా వదలడం మొదలైంది. మన దగ్గర అదీ సరిపోదు.

నా ఉద్దేశంలో మనకు ముందు పనికొచ్చేది రెండు వరుసల రాష్ట్ర రహదారుల మీద మధ్య గీత గాట్లు. డివైడరు లేని రోడ్డు మీద కునుకు పడినవాడు ఎదుటివాణ్ని కూడా వెంట తీసుకుపోతాడు. అక్కడ బైకులు ఎలాగూ ఎడమ అంచునే పోతాయి కాబట్టి వాళ్లకు ఇబ్బంది తక్కువ, ఓవర్‌టేక్ చేసేటప్పుడు తప్ప. ఊళ్లకు దూరంగా, పొలాల మధ్య తిన్నగా సాగే చోట్లు ఎంచుకుంటే నిద్ర చెడేవాళ్లూ ఉండరు. కళ్లకు ఏ పనీ లేని అలాంటి తిన్నటి రోడ్ల మీదే కునుకు తొందరగా పడుతుంది కూడా. నాలుగు వరుసల హైవేల మీదైతే డివైడరు వైపు అంచున కోయొచ్చు, అటు బైకులు తక్కువ. ఎడమ అంచుకు మాత్రం గాట్ల కన్నా బొడిపెలు తేలిన థర్మోప్లాస్టిక్ గీత మేలు. గీత మీదే అడ్డంగా సన్నటి గట్లలా పోస్తారు. కారుకు, బస్సుకు అదురు తెలుస్తుంది, బైకును పడేసేంత ఎత్తుండదు. వాన రాత్రి గట్లు నీటి పొరకు పైన ఉంటాయి కాబట్టి మెరుపు కూడా పోదు. ఏ గట్లూ లేకుండా ఊరికే అంచు గీతను నాలుగు అంగుళాల నుంచి ఆరు అంగుళాలకు వెడల్పు చేసినా రెండు వరుసల పల్లె రోడ్ల మీద ప్రాణనష్టం, గాయాలు బాగా తగ్గుతాయని అమెరికా ఫెడరల్ హైవే శాఖ చెబుతోంది. ఖర్చు తక్కువ సలహా ఇది.

వీటన్నిటికన్నా ముందు చూడాల్సిన ఉపరితలం ఇంకోటి ఉంది. ప్రతి నాలుగైదేళ్లకూ రోడ్డు మీద కొత్త తారు పొర వేస్తారు. తారు ఎత్తు పెరుగుతుంది, పక్కన మట్టి బెర్ము పెరగదు. వానలకు ఆ మట్టి ఇంకా కోసుకుపోతుంది. చివరికి తారు అంచు జానెడు ఎత్తు మెట్టులా మిగులుతుంది. ఎదుటి బస్సుకు దారిచ్చి బైకు కిందికి దిగుతుంది. మళ్లీ ఎక్కాలని హ్యాండిల్ తిప్పితే ముందు చక్రం ఆ మెట్టును ఒరుసుకుంటూ పోతుంది కానీ ఎక్కదు. ఇంకాస్త తిప్పుతాడు. చక్రం ఒక్కసారిగా ఎక్కుతుంది, అప్పటికే హ్యాండిల్ ఎక్కువ తిరిగి ఉంటుంది కనుక బండి అడ్డంగా రోడ్డు మధ్యకు దూకుతుంది. కారుకూ ఇదే కథ, ఎదుటి వరుసలోకి పోయి తేలుతుంది. పోలీసు కాగితాల్లో ఇది అదుపు తప్పిందని నమోదవుతుంది. అదుపు తప్పించింది తారు అంచు.

దీనికి మందు కూడా తారు వేసేటప్పుడే ఉంది. పేవరు యంత్రానికి ఒక చిన్న పలక బిగిస్తే అంచు నిలువు మెట్టులా కాకుండా 30 డిగ్రీల వాలుగా నొక్కుకుపోతుంది. దిగిన చక్రం అదే వాలు మీదుగా మెల్లగా ఎక్కి వస్తుంది. అంచు గట్టిగా నొక్కుకుంటుంది కాబట్టి తారు విరిగిపోవడమూ తగ్గుతుంది. ఆపైన బెర్ముకు మట్టి పోయాలి. మట్టి పోయకుండానే బిల్లు చేసుకునే కాంట్రాక్టర్ల కథలు మన రోడ్ల శాఖల్లో కొత్తేమీ కావు.

ఈ మధ్య వస్తున్న కార్లలో గీత దాటితే స్టీరింగును వణికించే ఏర్పాటు ఉంటోంది. అద్దం వెనక కెమెరా గీతను చూసి చెప్పే హెచ్చరిక అది. గాట్లు చేసే పనినే కారు చేస్తోంది కదా, ఇక రోడ్డును గీకడమెందుకని అడిగేవాళ్లున్నారు. కాలిఫోర్నియా కూడా 2017లో బాట్స్ బొడిపెలు కొత్తగా వేయడం మానేసింది. కెమెరాలకు బొడిపెల కన్నా వెడల్పాటి గీతలే బాగా కనపడతాయన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. కానీ కెమెరాకూ గీత కనపడాలి. మాసిపోయిన గీత, మార్జిన్ మట్టి కప్పేసిన గీత, పాత గీత పక్కనే వంకరగా వేసిన కొత్త గీత ఉంటే అది తికమకపడుతుంది. అంతేకాదు, రాత్రి పూట సరుకు మోసే పదిహేనేళ్ల లారీలో ఆ కెమెరా ఉండదు. గాటుకు బండి వయసుతో పనిలేదు.

అయితే గాటుకు కూడా ఆయుష్షుంది. పైన కొత్త తారు పొర పడిన రోజున అది పూడిపోతుంది. మళ్లీ కోయాలంటే ఆ పని కూడా తారు పనితోపాటు అంచనాలో ఉండాలి, గీత వేయడం ఉన్నట్టే. లేకపోతే ఒకసారి ఆర్భాటంగా కోసి ఫొటోలు దిగిన రోడ్డు నాలుగేళ్ల తరవాత మళ్లీ నున్నగా, చప్పుడు లేకుండా తయారవుతుంది. ఆ నునుపును చూసి మనమే రోడ్డు బాగా వేశారని మెచ్చుకుంటాం.